కాల్ బుక్కులో ఒక అబద్ధం

బిట్రగుంటలో గడ్డి మొలవని గ్రౌండొకటి ఉండేది.
ఇంజన్లు కక్కిన నల్లటి చిట్టెం పరిచి
దాని మీద బూడిదతో గీతలు గీసేవాళ్ళు.
రోంత గాలి తోలితే గీత ఉండదు గదబ్బా అంటే
"ఆడేవోడికి తెలుసులే" అనేవాడు కాలేషా.

గోలుపోస్టులు పాత పట్టాలు,
పైన అడ్డంగా బాయిలరు గొట్టం.
బంతి తగిలిందా, ఖంగుమని
క్వార్టర్సులో చంటిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు.
తల్లులు తిట్టేవాళ్ళు.
పిల్ల లేచినందుకా, గోలు కానందుకా
నాకిప్పటికీ తెలీదు.

గ్యాలరీ అంటే ఏముంది,
సైడింగులో నిలబెట్టిన బొగ్గు వ్యాగన్లు.
ఇంటికి పోతే లాగు వెనక చూసి
ఆట ఎంతసేపు చూశానో చెప్పేసేది మా అక్క.

మద్రాసు ప్యాసింజరు
మా గ్రౌండు పక్కకొచ్చేసరికి నడక నేర్చుకునేది.
డ్రైవరు తల బయటపెట్టి ఎంతెంత అని సైగ చేసేవాడు.
వేళ్ళు చూపించేవాళ్ళం, మనం రెండు, వాళ్ళొకటి.
కూతేసుకుంటా స్కోరుని గూడూరు దాకా మోసుకుపోయేవాడు.
ఓడే రోజు మాత్రం
మా చేతులన్నీ జేబుల్లో ఉండేవి.

నేను కాల్ బాయ్‌ని.
రాత్రి రెండింటికి లాంతరు పట్టుకుని
తలుపులు తట్టి డ్యూటీకి లేపే పిల్లోణ్ణి.
ఊరంతా మా టీముని నిక్కర్లలో చూసింది,
నేను దుప్పట్లలో చూశాను.
గోల్‌కీపరు ఆర్నాల్డ్ దొర
నిద్రలో కూడా రెండు చేతులూ చాపే ఉండేవాడు.
బ్యాక్ ఆడే దేవసహాయం
నాలుగుసార్లు పిలిచినా కదిలేవాడు కాదు,
గ్రౌండులోనూ అంతే.
మాలకొండయ్య, ఫైర్‌మన్, సెంటర్ ఫార్వర్డు,
నేను తలుపు తట్టకముందే "వస్తన్నా" అనేవాడు.

ఆ ఏడాది ఫైనలు గూడూరోళ్ళతో.
ఒకటీ ఒకటీ మీద ఉంది ఆట.
ఫోర్‌మన్ బుక్కు నా చేతిలో పెట్టి
"గూడ్సు ఫైర్‌మన్ సిక్కయ్యాడు, మాలకొండయ్యని పిల్చుకురా" అన్నాడు.
నాలుగూ పదికి గ్రౌండు గీత మీద నిలబడ్డాను.
ఆయన నన్ను చూశాడు.
చూసి, ఆ పక్కకి రావడం మానేశాడు.
బంతి నా కాళ్ళ దగ్గరే బయటికి పోతే
త్రోకి ఇంకొకణ్ణి పంపాడు.
నేనూ పిలవలేదు.
బుక్కు చొక్కాలోకి తోసి
వ్యాగనెక్కి అందరితోపాటు అరిచాను.
యార్డులో ఆవిరి పట్టిన ఇంజను
మనిషి కోసం బుసలు కొడతా ఉంది.
వినపడింది. వినపడలేదనుకున్నా.

ఆఖర్న మాలకొండయ్య కొట్టిన బంతి
ఖంగుమంది.
అంతే.
వెనక్కొచ్చిన దాన్ని గూడూరోళ్ళు ఎత్తుకుపోయి
మా వలలో పడేశారు.

నేరుగా నా దగ్గరికొచ్చాడు. "పెన్సిలియ్యరా అబ్బయ్యా."
చెమటా బూడిదా పేరూ కలిపి సంతకం.
"టైమెంత వెయ్యను?"
"ఐదుంబావు" అన్నాను.
రిమార్కులో నేనే రాశాను:
ఇంట్లో లేడు, ఊరంతా వెతికితిని.

ఊరంతా ఎక్కడుందో ఫోర్‌మన్‌కి తెలీదా?
చదివాడు. బుక్కు మూశాడు. ఏమీ అనకుండా పోతుంటే చూశాను,
ఆయన తెల్ల ప్యాంటు వెనక బొగ్గు.

తర్వాత డీజిల్ వచ్చింది.
షెడ్డు చల్లారింది.
అరక్కోణమొకరు, బెజవాడొకరు,
బదిలీ కాగితాలు పదకొండు మందినీ పదకొండు పక్కలకి కొట్టాయి.
బాయిలరు గొట్టాన్ని ఎవరో పాతినుముకి అమ్ముకున్నారు.

మొన్న పింఛను పనిమీద పోయి
సర్కారుతుమ్మల్లో దూరి చూస్తే
ఒక పోస్టు ఉంది, కొంచెం ఒరిగి.
కంకర్రాయి తీసుకుని కొట్టాను.
అదే మోత.
క్వార్టర్సులో ఎవరూ లేవలేదు.
కంపలో మేసే మేకొకటి తలెత్తి
నా వంక చూసి
మళ్ళీ మేతలో పడింది.