ఒక ట్రిప్పు తక్కువ

తోలేటి వరహాలరావుగారి లెక్కలు
అసెంబ్లీ పుస్తకాల్లో ఒకలా ఉంటాయి,
నా దగ్గర ఒకలా ఉన్నాయి.
నాది పంటు. కూనలంక రేవు నించి అవతలి గట్టుకి,
వైనతేయ పాయకి అడ్డంగా.
ట్రిప్పుకి డెబ్బై మంది,
కొబ్బరికాయల బస్తాలుంటే యాభై.

మొదటిసారి నెగ్గినప్పుడు మెజారిటీ
పద్నాలుగు వేల రెండొందల పది.
అంటే రెండొందల మూడు ట్రిప్పులు,
నెల రోజుల రెక్కల కష్టం నాకు.
వంతెన కట్టిస్తానన్నారు.
మా నాన్న గెడ ఆపి, ఏట్లోకి ఉమ్మేసి,
"ఈయనకే వేద్దాంరా,
మాట మీద నిలబడే మనిషిలా లేడు" అన్నాడు.

రెండోసారి తొంభై ట్రిప్పులు.
గట్టు తెగిన ఏడు లాంతరు పక్కన పెట్టుకుని
ఇసక బస్తాల మీద నిద్రపోయారు.
అది నేను చూశాను, అబద్ధం చెప్పను.
బడికి రెండు గదులొచ్చాయి, మురుగు కాలవకి లాకు వచ్చింది.
వంతెన రాలేదు.
మూడోసారి ముప్పై ట్రిప్పుల తేడాతో పోయారు,
పెనుగాలికి కూలిన కొబ్బరి చెట్లకి
చెట్టుకింతని రాయించలేకపోయారని.
నాలుగోసారి పది ట్రిప్పులతో గట్టెక్కారు.
ప్రతిసారీ నా పంటు మీదే నిలబడి
వంతెన ఎక్కడ లేస్తుందో ఎక్కడ దిగుతుందో
వేలుతో గాలిలో గీసి చూపించేవారు.
నేను తలూపేవాణ్ణి.
ప్రతిసారీ నా ఓటు ఆయనకే.

ఐదోసారికి ముందు మన్ను పరీక్ష మిషను దిగింది.
నిజం మిషను. నేనే దాటించాను, మూడొందలు తీసుకుని.
ఏటి నడుమ మూడు రోజులు బొరియ వేసింది.
పైపుల్లో వచ్చిన మన్నుని పెట్టెల్లో సర్దుకుపోయారు.
వరహాలరావుగారు నా భుజం తట్టి
"ఇంక నీకు గెడ పని తప్పిందిరా నూకరాజూ" అన్నారు.
సంతోషపెట్టాననుకున్నారు.

పోలింగు రోజు, సాయంత్రం నాలుగు దాటింది.
మా లంకకి బూతు అవతలి బళ్ళో.
ఆఖరి ట్రిప్పు. అరవై నాలుగు మంది.
ఆటు లాగేస్తోంది.
మేట ఎక్కడుందో చిన్నప్పట్నించీ నా అరికాళ్ళకి తెలుసు.
గెడ ఎడమకి వెయ్యాలి.
కుడికి వేశాను.
నేను వేశానో, చెయ్యి వేసిందో
ఇన్నేళ్ళయినా తేలలేదు.
చూడి గేదె కూలబడ్డట్టు
పంటు ఇసకలో కూర్చుంది.
అవతల ఐదైంది, బడి తలుపులేశారు.
ఓటరు స్లిప్పుని కొంగున ముడేసుకుంటూ
కర్రి మంగాయమ్మ, "పోన్లేరా, ఏటి దయ" అంది.
ఏడున్నరకి పోటొచ్చింది.

ఓడిన తేడా యాభై ఎనిమిది.
ఒక్క ట్రిప్పు. అదీ నిండని ట్రిప్పు.

నెల తరవాత వచ్చారు, కారు లేదు, గన్‌మన్ లేడు.
రెండ్రూపాయలు తీసి టిక్కెట్టుకిచ్చారు.
ఎప్పుడూ ఇచ్చింది లేదు.
నడి ఏట్లో అడిగారు, "ఎంతమందిరా ఆ రోజు?"
"అరవై నాలుగండి."
చుట్ట ఆరిపోయింది. వేళ్ళు మడుస్తూ లెక్కేశారు.
"అందులో నలుగురు అటు వేసుంటే చాలు,
ఎలాగూ పోయేవాణ్ణి.
నలుగురుండరా నన్ను తిట్టుకునేవాళ్ళు?
ముగ్గురే అయితే సమానం. చీటీ తీసేవారు."
నవ్వారు. ఇంకేమీ అడగలేదు.
దిగేటప్పుడు బురదలో కాలు జారబోతే
చెయ్యిచ్చాను.

వంతెన అయింది. రాయి మీద ఇంకొకాయన పేరు.
పంటు పాత సామాన్లవాడికి పోయింది.
వరహాలరావుగారు పోయి కూడా మూడేళ్ళు.
నేను మాత్రం లెక్కలోనే ఉన్నాను.
అరవై నాలుగు మొహాలూ గుర్తే.
వాళ్ళ వాకిళ్ళ మీదుగా పోతూ
మాటల్లో పెట్టి అడుగుతాను.
పింఛను రాయించలేదని సంగాని అప్పలస్వామి.
బళ్ళో అటెండరు పని వేరేవాళ్ళకిచ్చారని
దడాల ఏసుదాసు.
కర్రి మంగాయమ్మ, ఎందుకో చెప్పదు.
ముగ్గురు.

నాలుగోవాళ్ళ కోసం
నిన్న కూడా వంతెన దాటి వెళ్ళాను.