చెడిపోయిన కాపీలు

అంబర్‌పేటల మా నీళ్ల ఆఫీసుకు ఎదురుంగ
సబీహా జిరాక్సు దుకాణం.
ఒక మిషను, ఒక స్టూలు,
గోడకు మేకు, మేకుకు దారం, దారానికి పెన్ను.
పెన్ను ఎవరన్న ఎత్తుకపోతరని ఆమె భయం.
కాగితం ఎవరన్న చూస్తరని మా భయం.
వంకరగ పడ్డ కాపీని కూడ
నాలుగు ముక్కలు జేసి జేబుల ఏసుకునుడు
మా పెద్దసారు నేర్పిన పద్ధతి.

నేను లైన్ ఇన్‌స్పెక్టర్ను. పద్దెనిమిదేండ్ల నౌకరి.
ఏ నల్లా ఏ వాల్వు కింద పుట్టిందో
నిద్రల లేపి అడిగినా చెప్త.
కరెంటోళ్ల తీగ ఎక్కడున్నదో మాత్రం
గడ్డపార తగిలి రవ్వలు లేస్తేనే ఎరుక.
మా పైపు సంగతి వాళ్లకూ గంతే,
నీళ్లు ఎగజిమ్మితేనే ఎరుక.
రోడ్డు కింద తీగ, పైపు, మోరీ
ఒకదాని మీద ఒకటి కాళ్లేసుకొని
ఒక్కింటి పిల్లల లెక్క పండుకున్నయి.
పైన మేమే వేరు పడ్డం.

జూలై, మంగళవారం, సన్న వాన.
ఫిర్యాదులు కాపీ తీయించబోయిన.
సున్నంబట్టి గల్లీ, నల్లా నీళ్లు వాసన,
పదకొండు ఇండ్లు.
“వానాకాలం మామూలే” అని
రిమార్కుల గడిల అప్పటికే రాసిపెట్టిన.

సబీహా కాగితం గాజు మీద పెట్టింది.
మూత ఎయ్యలేదు.
“భాయ్, పొద్దుగాల్నుంచి ఈ గల్లీ పేరు
నా గాజు మీద పండుకునుడు ఇది మూడోసారి.”

చదువుతవా అందరి కాగితాలు? కోపంగనే అడిగిన.
“చదివితే గిరాకీ వస్తదా?
నేను చదవ. కండ్లు చదువుతయి, క్యా కర్నా.”

స్టూలు కింది డబ్బాల చెయ్యి పెట్టి
చెడిపోయిన కాపీలు రెండు తీసింది.
వాళ్ల పిల్లగాడు వాటి వెనక లెక్కలు చేస్తడంట.
ఒకటి బస్తీ దవాఖాన నర్సు విమలకుమారిది:
సగం పేజీ తెల్లగ, సగం పేజీల వాంతులు, విరేచనాలు.
పై ఆఫీసుకు శనివారం శనివారం పోయే లిస్టు.
ఇంకోటి కేబులు కంపెనీది, సిరా ఎక్కువై నల్లబడ్డది:
రోడ్డు కోత, డెబ్బై మీటర్లు, రాత్రి పని,
“ఎవరి ఆస్తికీ నష్టం జరగలేదు”, కింద సంతకం.

మూడింటినీ పక్కపక్కన పరిచిన.
మిషను వేడికి కాగితాలు ఇంక వెచ్చగున్నయి అనిపించింది,
నా చెవులే వెచ్చబడ్డయో.

ఉత్తరం రాస్తే డిస్పాచు నంబరు పడాలె,
నంబరు పడాలంటే లింగయ్య రావాలె,
లింగయ్య లీవుల ఉన్నడు.
నడుచుకుంట దవాఖానకు పోయిన.
విమలకుమారి పేర్లు చెప్పనన్నది.
పేర్లొద్దమ్మ, ఇంటి నంబర్లు చాలన్న.
చెప్తుంటే పదిహేడు దగ్గర ఆగింది,
రిజిస్టరుల ఆ వరుస మీద ఎర్రసిరా గీత.
ఇంటికి పంపిన్రా అని అడిగిన.
ఆమె పేజీ తిప్పింది.

కేబులు సూపర్‌వైజరు షణ్ముగరావు
ఫోనుల దబాయించిండు, రాత్రికి తానే వచ్చిండు.
టార్చి ఏసి, వేలితో కాదు, బూటుతో చూపిండు:
“ఈడ్నే సార్, మెత్తగ తగిలింది.”
వాల్వు కట్టేసి తవ్వినం.
మోరీకి జానెడు దూరంల మా పైపు,
దానికి బొటనవేలు పట్టేంత నోరు.
పదిహేను రోజుల నుంచి తెరిచే ఉన్నది,
మూడు ఆఫీసుల మూడు నోర్లు మూసుకుంటే.

తెల్లారి రిపోర్టు రాసిన.
“సమాచారం ఎట్ల అందినది” అని ఒక గడి.
తనిఖీ, ఫిర్యాదు, ఇతరములు.
సబీహా పేరుకు అండ్ల జాగ లేదు.
ఇతరములు కాడ టిక్కు పెట్టిన.

కాపీలకు పోతే ఎన్ని అని అడిగింది.
ఎప్పటి లెక్క రెండు అనబోయి
నాలుగు అన్న: నర్సమ్మకొకటి, కరెంటోళ్లకొకటి.
మూడోది వంకరగ పడ్డది.
అలవాటుగ చెయ్యి చాపి, చింపబోయి,
ఆమె స్టూలు కిందికి వంగి
డబ్బాల ఏసిన.