ఏడో రాయి

జిగణి షెడ్డులో ఏడు రాళ్లు
దింపి పోయింది క్రేన్.
ఒక్కోటీ రెండాళ్ల ఎత్తు.
బెళ్లందూరు ఆఫీసుల నడుమ నిలబెట్టాలట,
మనిషికీ మట్టికీ మధ్య తెగిన మాట
మళ్లీ కలవాలట.
దేచమ్మ మేడం కాయితం మీద గీసి చూపించింది:
వేరు మీద పాము, పాము మీద కడుపు,
కడుపు మీద కళ్లు మూసుకున్న మొహం,
అన్నిటికీ పైన కొమ్ముముక్కు పిట్ట.

నేను గ్రైండర్ పట్టేవాణ్ణి.
ముక్కుకు తువ్వాలు, చెవుల్లో దూది.
సాయంత్రానికి కనుబొమలు నెరుస్తాయి,
కడుక్కుంటే మళ్లీ వయసులో పడతాను.

మా అవ్వ సుంకమ్మ
ఈ ఊరికి కంకర కొట్టడానికి వచ్చింది
మడకశిర నుంచి, చంకలో మా నాయనతో.
గుండు మీద మొదటి దెబ్బకు ముందు
పసుపు పూసి, చెప్పులు విప్పి,
"తల్లీ, పొట్టకోసం" అనేది.
అంతే. ఇంకో మంత్రం రాదు.
తర్వాత సుత్తితో చిన్నగా తట్టి చెవి ఆనించేది.
కంచులా మోగితే మేలుకున్న రాయి.
మొద్దుగా పలికితే
"లోపల కప్ప ఉంది, పోనీండ్రా" అనేది.
ఆ పూట కూలి పోయేది.
ఆ గుండు మాత్రం అట్లే ఉండేది,
చుట్టూ క్వారీ దిగిపోతున్నా
ఒంటికాలి మీద నిలబడ్డట్టు.

ఆరు రాళ్లు పలికాయి.
ఏడోదాన్ని తడితే
తడిసిన గోనెసంచిని తట్టినట్టుంది.
చెప్పాలా వద్దా అని ఒక టీ తాగాను.
చెప్పాను.
మేడం నవ్వలేదు.
పగులేమో, స్కాన్ చేయిద్దామంది.
తర్వాత, కుర్రాళ్లు అన్నానికి పోయినప్పుడు
కళ్లద్దాలు తీసి
దుమ్ము మీదే చెంప ఆనించి
చాలాసేపు అట్లాగే ఉండిపోయింది.
ఏం వినపడిందో నేనడగలేదు.
స్కాన్ మాట మళ్లీ రాలేదు.

ఆరింటి మీద పాములు, పిట్టలు.
ఏడోది వచ్చింది వచ్చినట్టే
అద్దాల మేడల మధ్య నిలబడింది.
"దీని డిజైన్ ఏదీ?" అన్నారు కంపెనీవాళ్లు,
డబ్బు కోసుకున్నారు.
గేటు దగ్గరి అస్సాం కుర్రాడు
మధ్యాహ్నాలు దాని నీడకే కుర్చీ జరుపుకుంటాడు.

నెలాఖరున బిల్లు రాస్తున్నాను.
ఆరు రాళ్లకు కూలి, బిళ్లలు, డీజిల్.
కింద ఏడో రాయి అని రాసి
చెక్కినందుకు సున్నా చుట్టాను.
విన్నందుకు ఎంత వేయాలో
మా అవ్వ చెప్పకుండానే పోయింది.