చెయ్యి ఎండేదాకా

నా పేరు దొరసామి.
పేరులో తప్ప దొరతనం యాడా లేదు.
సత్యవేడుకు ఇవతల, ఫ్యాక్టరీ వాళ్ళు కట్టిన కాలనీలో
ఏడో నంబరు ఇంట్లో వంట నాది.
గేటుకు ఈపక్క చెనిక్కాయ చేను,
రోడ్డుకడ్డం పండుకున్న ఎనుములు.
గేటు దాటితే ఫ్రాన్సు.
పొద్దున ఆరుకు సైకిలు దిగి, చెప్పులిడిచి
నేను పరదేశం పోతా.
రాత్రి పదికి తిరిగొస్తా.

ఒదిల్ అమ్మగారు నా పేరును
గొంతులో యాడో గీరి పలుకుతాది.
'ర' అక్కడ ఇరుక్కుంటాది, చేపముల్లు మాదిరి.
నేను 'మెర్సీ' అంటే వాళ్ళు నవ్వుతారు,
నా 'ర' మరీ శుభ్రంగా ఉండాదంట.

వాళ్ళ తిండి రైలుబండి.
ముందు పచ్చి ఆకులు, ఎనక కూర, ఆ ఎనక చీజు,
ఆఖరి పెట్టెలో తీపి.
ఒకటి దాటినాకే ఇంకోటి.
మనది సంత.
సంగటి పక్కన ఊరిబిండి, దాని మీదికి పులుసు,
ఒకదాన్నొకటి తోసుకుంటా.

రొట్టెకు తట్ట లేదు, బల్లమీదనే పెడతారు.
ఒకసారి బోర్లా పెట్టినా.
సారు మాట ఆపకుండానే చెయ్యి చాపి
తిప్పి పెట్టినాడు,
బోర్లాపడిన చెప్పును మా అమ్మ
కాలితో సరిచేసినట్టు, తనకే తెలీకుండా.
ఆ రోజుతో ఆయనంటే కొంచెం భయం పోయింది.

చీజు సంగతి చెప్పాల.
సెలవులకు పోయి వస్తా అమ్మగారు
స్వెటర్ల మధ్యన దాచి తెచ్చుకునింది.
ఫ్రిజ్జు తెరిస్తే కంపు.
చెడిపోయిందనుకోని గోడ బైట పారేసినా.
వాచ్‌మన్ కుక్క వాసన చూసి తుమ్మి పోయింది.
రాత్రి ఆమె లేచి ఫ్రిజ్జు తీసింది,
మూసింది, మళ్ళా తీసింది.
చెప్పినా.
తిట్టలేదు. కూర్చునింది.

కువైట్‌లో నేను చేసిన ఇంట్లో
నా ఎండు నెత్తళ్ళ పొట్లాన్ని ఆ యింటామె
రెండేళ్ళతో పట్టుకోని బైటికి పోయింది.
నిలబడి చూసినా, అంతే.
ఆ సంగతి చెప్పేంత ఫ్రెంచి నాకు రాదు.

చలికాలం అనపకాయలు వచ్చినాయి.
గింజలు నానబెట్టి, ఎనక వరండాలో పితుకుతా ఉంటే
అమ్మగారు వచ్చి నేలమీద కూర్చునింది,
మోకాళ్ళు ఒకపక్కకు మడిచి.
అడగలేదు. గింజ తీసుకోని నొక్కింది.
పప్పు ఎగిరి నా చొక్కా మీద పడింది.
రెండోది గిన్నెలో.
మూడోదానికి ఆమె ఏళ్ళకు అంతా తెలుసు.
వాళ్ళ అవ్వ దగ్గర ఏదో చిక్కుడుగింజకు
ఇట్లే రెండుసార్లు తోలు తీసేవాళ్ళంట,
సగం ఇంగ్లీషు, సగం చేతులు, అట్ల చెప్పింది.
అవ్వ పేరు కూడా చెప్పింది. నాకు నోరు తిరగలే.
తట్టనిండా పొట్టు, చారెడు పప్పు.
"ఇంతేనా" అన్నట్టు చూసింది.
"ఇంతే" అన్నా.

ఆ రాత్రి పితికిపప్పు ఏ పెట్టెలోకీ ఎక్కలేదు.
నడిమధ్యన గిన్నె పెట్టుకోని
రొట్టె అద్దుకోని తుడిచి తిన్నారు.
తిన్నాక ఎవరూ లేవలేదు.
వాళ్ళకదే అలవాటు,
తిండి అయినాక ఇంకో గంట
తట్టల పక్కనే మాట్లాడుకుంటా.

ఎంగిలి చెయ్యి ఎండబెట్టుకుంటే
అప్పులయితాయనేది మా అమ్మ.
గబగబా కడుక్కునే తిన్నాం అన్నేళ్ళూ.
అప్పులు ఆగలేదు.

మొన్న మా ఇంట్లో
సంగటి తిన్నాక నేను లేవలేదు.
కస్తూరి గిన్నెలు సర్దతా
"ఏమబ్బా, ఇంకా ఏమన్నా రావల్లనా?" అనింది.
రావల్సింది ఏమీ లేదు.
"కూర్చో" అన్నా.
కూర్చునింది అనుమానంగా,
ఏదో చెడ్డమాట చెప్పబోతానని.
కరెంటు బిల్లు గురించి మాట్లాడినాం. దూడ గురించి.
ఆమె చెల్లెలు కొన్న కుట్టుమిషను గురించి.
ఏళ్ళమీద సంగటి ఎండి పొలుసులు కట్టింది.