పాదచారి

గులూలో వాన.
రేకుల కప్పు మీద
నువ్వులు వేగుతున్నట్టు చిటపట.
నా తెర మీద మాత్రం మంచు.

ఎవరిదో ఊరు. పేరు చెప్పరు.
వీధి పలకల్ని మసక చేసి పంపుతారు,
ముఖాల్ని కూడా.
మిగిలిన మనుషుల చుట్టూ నేను గళ్ళు గియ్యాలి.
నడిచేవాళ్ళకి పచ్చ గడి, కుక్కలకి పసుపు,
స్తంభాలకి నీలం.
గడికింత అని లెక్క.
ఎక్కడో డ్రైవరు లేని కారొకటి
నా గీతలు చదువుకుని
మనిషంటే ఏమిటో నేర్చుకుంటుందట.

లాగిన్‌లో నేను నలభై ఏడు. ఇంట్లో లమారో.
పంతొమ్మిదేళ్ళొచ్చాయి,
కారు ముందు సీట్లో ఇంకా కూర్చోలేదు.

ఎర్ర కోటు ముసలమ్మ నాకు బాగా తెలుసు.
నలభై ఫ్రేముల పొడుగునా ఆ రోడ్డు దాటింది.
ముఖం లేదు గానీ నడక ఉంది.
ఆ ఎడమ మోకాలు
అచ్చం మా అక్వెరో అత్త మోకాలే,
వానకి ముందే సలపడం మొదలెట్టేది.
ఆమె చుట్టూ గీసిన ప్రతిసారీ
అంచులు కాస్త వదులుగా ఉంచాను.
‘గడి బిగించు’ అని పైనుంచి మెసేజి.

రెండొందల పన్నెండో ఫ్రేములో
ఓ ఇంటి ముందు పిల్లాడు.
తెల్లగా, బొద్దుగా, పుల్లల్లాంటి చేతులు,
మెడకి చారల గుడ్డ.
కదలడు.
ఇంత చలిలో లోపలికి పిలవరేమిటని
మూడు ఫ్రేములు చూశాను.
ఎవరూ పిలవలేదు.
పచ్చ గడి గీశాను.

సాయంత్రానికి తిప్పికొట్టారు.
మనిషి కాదు, మంచు బొమ్మ.
కోత: రెండు గుడ్డు చపాతీల ఖరీదు.

తమ్ముడు ఓజారాకి చెబితే పడీపడీ నవ్వాడు.
“దానికి తిండెవరు పెడతారు?”
“ముక్కే క్యారెట్టురా.”
“ఐతే ఆకలేస్తే ముక్కు తినేస్తుంది.”
కాసేపు పెన్సిలు కొరికి, “ఎండొస్తే?”
“కరిగిపోతుంది.”
వాడు లెక్కల పుస్తకం మూసేశాడు.
“అయినా సరే అక్కా, గడి గియ్యి.
కారు గుద్దేస్తే?”

వాడి బడి, జూబా లారీల రోడ్డుకి అవతల.
తెల్ల చారల్లేవు, దీపాల్లేవు.
చెప్పులు చేత పట్టుకుని
ఒక్క పరుగున దాటతాడు రోజూ.
ఆ రోడ్డుని ఫోటో తీసి
నాకెవరూ పంపలేదు.

ఇవాళ అదే ఇల్లు మళ్ళీ వచ్చింది.
అక్కడ ఎండ కాస్తోంది.
బొమ్మకి తల లేదు,
క్యారెట్టు బురదలో.
పక్కన ఎవరి పాపో, చిన్న పార పట్టుకుని,
ముఖం మసక.
పాప చుట్టూ పచ్చ గడి గీశాను, బిగుతుగానే.
తర్వాత మౌసు
ఆ తడిచోటు దగ్గరే తిరుగుతోంది.
ఇంకో రెండు చపాతీలు.

బయట వాన వెలిసింది.
లారీ హారను, పొడుగ్గా.
బడి వదిలే వేళ.