మనోన్మణి గారి బియ్యం మూట

స్కాన్ తీయించడం ఇది నాలుగోసారి.
సైదాపేటలో ఆ గది చలి కూడా పరిచయమైపోయింది.
ఫిల్ము వెలుగుకి ఎత్తిపట్టి
యాళిని అంది:
"ఎముక అతుక్కుని రెండేళ్ళయింది. ఇక్కడేం లేదు."

ఏం లేదట.
మరి రాత్రి రెండింటికి నా నడుములో
కాల్చిన సూది ఎవరు దించుతున్నట్టు?

ఏం లేదన్న మాట ఇంతకుముందూ విన్నాను,
స్టేషన్ మాస్టరు నోట, సెలవు చీటీ చూస్తూ.
మా ఆయన నోట, ఆయన అనకపోయినా.
టికెట్ కౌంటర్లో పంతొమ్మిదేళ్ళు కూచున్నదాన్ని,
చిల్లర లేదనేవాళ్ళలో ఎవరిది అబద్ధమో
వేళ్ళు చూసి చెప్పగలను.
నా నడుం అబద్ధమాడ్డం లేదు.

"అబద్ధమని నేనన్నానా?" అంది యాళిని.
"నొప్పి నిజమే. గాయమే పాతది.
నడుం ఎప్పుడో మరిచిపోయిందక్కా,
మెదడుకే ఇంకా ఎవరూ చెప్పలేదు."

ఆ పిల్ల తమిళంలో చెప్పింది.
నాకు తెలుగులో అర్థమయ్యేసరికి
బస్సు దిగి మా సందు మలుపు తిరిగాను.
మేడమెట్ల మీద మనోన్మణి గారు
బియ్యం మూట ఈడుస్తున్నారు.

ఆకాశంలో ఉన్నది ఒక్క మబ్బు.
అదీ పల్లావరం వైపు పోతోంది.

ఆ ఏడు డిసెంబరులో
అడయారు ఆవిడ ఇంట్లోకి వచ్చింది
అర్ధరాత్రి, తలుపు తట్టకుండా.
మంచం తేలింది. కుట్టుమిషను మునిగింది.
నీళ్ళు పోయాయి. రెండుసార్లు సున్నం వేశాక
గోడమీద మరకా పోయింది.
ఆవిడ మాత్రం ఇప్పటికీ
కొళాయి కారినా లేచి కూచుంటుంది,
పక్కింటి ఉతుకునీళ్ళు తూములో పారితే
సిలిండరు వంకా అటక వంకా చూస్తుంది.
మేమంతా నవ్వుకునేవాళ్ళం.
నేను కాస్త ఎక్కువే.

నా తలలోనూ ఒక మనోన్మణి కాపురముంది.
తడిమెట్టు మీద నేను జారినరోజు నుంచీ
నిద్రపోలేదు పాపం.
వంగి చెప్పు తొడుక్కుంటే వరద అంటుంది,
తుమ్మితే వరద,
చంటిదాన్ని ఎత్తుకోబోతే వరదే వరద.
నామీద ప్రేమకొద్దీ కేకలు పెడుతోంది.

కసిరితే వినదు.
మాత్ర వేస్తే కునుకు తీసి లేస్తుంది.
నీళ్ళు రావడం లేదమ్మా అని
ఊరికే నోటితో అంటే నమ్ముతుందా,
ఒకసారి మునిగిన మనిషి?

సోమవారం మందులషాపు దాకా నడిచాను.
గురువారం ఇడ్లీబండి దాకా.
శుక్రవారం మంచం దిగలేదు.
మళ్ళీ మందులషాపు.

ఈవేళ మనోన్మణి గారి చెయ్యి పట్టుకుని
వంతెన దాకా తీసుకొచ్చాను,
ఏరు చూద్దాం రండి అని.
ఎవరు ఎవర్ని పట్టుకున్నామో తెలీదు.
కింద ఏరు, పచ్చగా, బద్ధకంగా, కంపుకొడుతూ,
కొంగ మోకాలు కూడా తడవనంత.
"చూశారా?" అన్నాను,
ఆవిడతోనో, నడుంతోనో.

చాలాసేపు చూసింది.
"ఇవాళ్టికి సరే" అంది.

వెనక లారీ పోతే వంతెన ఒక్కసారి ఊగింది.
ఇద్దరం పిట్టగోడ పట్టుకున్నాం.