చివరి నాలుగు పేజీలు

కుతైసిలో కరెంటు లేని ఆ చలికాలం
పుస్తకాలతోనే పొయ్యి రాజేసుకున్నాం.
ముందు వెళ్ళింది, ఊరంతా మెచ్చిన ఆ లావుపాటి నవల.
మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లూ కునుకే.
మండటం మాత్రం బాగా మండింది,
చిక్కుడు గింజలు మెత్తగా ఉడికాయి.

కవిత్వం దగ్గర చెయ్యి ఆగింది.
ఇంత సన్నటి పుస్తకాలకి వేడేం పుడుతుందిలే అని
నాకు నేనే సాకు చెప్పుకున్నాను.

రైలు గేటు కాసే ఎలుగుబంటి కథని
అమ్మ పిండి డబ్బాలో దాచిందట, నాక్కూడా చెప్పకుండా.
నా ఏడో ఏటి పుస్తకం.
చివరి నాలుగు పేజీలూ
మా జుంబేర్ పడవలు చేసి రియోని నదిలో వదిలేశాడు.
అందుకే నా ఎలుగుబంటి ఇంకా
లాంతరు పట్టుకుని మంచులో నిలబడే ఉంది,
రాని బండి కోసం.

నిన్న తెల్ల వంతెన పక్కన
పాత సామాన్లు పరిచిన దుప్పటి మీద అదే పుస్తకం,
అట్టయినా నలగలేదు.
నిలబడే చదివేశాను.
బండి వస్తుంది. ఎలుగుకి పతకం ఇస్తారు. బ్యాండు మోగుతుంది.

ఇంతేనా?

సగం ధరకిస్తా తీసుకో ఎతేరీ, అన్నాడు అమ్మేవాడు.
వద్దన్నాను.
ఇంటికొచ్చి మా చిరుగుల దాన్ని తెరిస్తే
ఇన్నేళ్ళ తర్వాత కూడా
గేటు మీంచి నా ఒళ్ళోకి
కాస్త పిండి రాలింది.